ఏడుపు పరీక్ష

తడిసిన మాస్కు ఒకటి చెత్తడబ్బాలో పడితే ఎవరూ పట్టించుకోరు. రోజూ ఒకే మనిషి మాస్కు, రోజూ పిండితే నీళ్ళు కారేంత తడిగా పడుతుంటే మాత్రం గౌన్ల గది ముసలాయన కంట్లో పడకుండా పోదు. ఆ కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో లోపలికి వెళ్ళే ప్రతివాళ్ళూ ఆయన దగ్గరే తెల్ల గౌను, టోపీ, కళ్ళద్దాలు, మాస్కు తీసుకుంటారు. బయటికి వచ్చేటప్పుడు ఆయన ముందే విప్పి పారేస్తారు. ఆరు వారాలుగా డేగక్క మాస్కు తడిగా ఉంటోందని ఆయనకి తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. పైగా ఆమె మధ్యాహ్నం భోజనం చేసి వచ్చినప్పుడు, అడక్కుండానే ఇంకో మాస్కు ఎక్కువగా ఆమె చేతిలో పెట్టేవాడు. ఆమె తీసుకునేది. దాని గురించి ఇద్దరూ ఏనాడూ ఒక్క మాట అనుకోలేదు.

సోమవారం పొద్దున సెక్షన్ హెడ్ స్వయంగా గౌన్ల గదికి వచ్చి, ఎవరి సరంజామా అయినా ఈమధ్య తేడాగా ఉంటోందా అని సూటిగా అడిగాడు. ముసలాయనకి అబద్ధమాడటం చేతకాదు. ఆమె షిఫ్టుకి వచ్చేసరికి నేల చూపులు చూస్తూ నిలబడి, "చెప్పేశానమ్మాయ్. అడిగాక దాచలేకపోయాను," అన్నాడు. ఆమెకి కోపం రాలేదు. ఎప్పుడో ఒకప్పుడు బయటపడేదే అనుకుని, తీసుకున్న మాస్కు మళ్ళీ ఆయన చేతికే ఇచ్చి, పిలిచిన గదికి వెళ్ళింది.

డేగక్క అన్నది షిఫ్టు వాళ్ళు పెట్టిన పేరు. ఇరవై రెండేళ్ళుగా ఆమె మైక్రోస్కోపు ముందు కూర్చుని వేఫర్లు చూస్తోంది. వేఫర్ అంటే అద్దంలా మెరిసే గుండ్రటి సిలికాన్ పలక, అన్నం పళ్ళెం కన్నా చిన్నది. ఒక్కో దాని మీద నాలుగు వందల చిప్పులు తయారవుతాయి. యాసిడ్‌లో శుభ్రమై, నీళ్ళలో కడిగించుకుని, ఆరి, కొలిమిలోకి వెళ్ళబోయే ప్రతి పెట్టె, ముందుగా ఆమె బల్ల మీద మూత తీసుకుని కూర్చోవాలి. పెట్టెకి ఇరవై అయిదు వేఫర్లు. గాలితో పీల్చి పట్టుకునే కడ్డీని వెనకవైపు ఆనించి ఒక్కొక్కటే పైకి తీస్తుంది, లెన్సు కింద పెడుతుంది, ఎడమ నుంచి కుడికి, మళ్ళీ కుడి నుంచి ఎడమకి, పొలం దున్నినట్టు వరస తప్పకుండా చూస్తుంది. గీత, మచ్చ, ధూళి, నీటి మరక, ఏది కనబడినా పక్కన పెడుతుంది. రాత్రి కడిగిన పెట్టెలు కూడా తెల్లారేదాకా ఆమె కోసమే ఆగుతాయి. ఆమె సరే అన్న పెట్టె తర్వాత తప్పని తేలడం ఇన్నేళ్ళలో ఒక్కసారీ జరగలేదు. ఈ మాట ఆమె ఎవరితోనూ అనదు గానీ లోపల గర్వం లేకపోలేదు.

చెల్లెలు పోయాక ఆమె ఏడుస్తున్నది అక్కడే. ఇంట్లో ఉన్నది ఒకటే గది, అందులో చెల్లెలి కూతురు ఉంది, ఎనిమిదేళ్ళది. పిల్ల ముందు ఏడిస్తే పిల్ల బెంబేలెత్తిపోతుందని, ఎట్టి పరిస్థితుల్లోనూ దాని ముందు కంట తడి పెట్టకూడదని గట్టిగా అనుకుంది. బస్సులో జనం. వీధిలో తెలిసినవాళ్ళు. ఇక మిగిలింది ఈ ఒక్క చోటే. అక్కడ అందరూ నెత్తి నుంచి పాదాల దాకా తెల్లగుడ్డలో ఉంటారు, ఎవరి మొహమూ ఎవరికీ కనబడదు. చేతులు వాటి పని అవి చేస్తుంటే, కళ్ళు వాటి పని అవి చేసుకునేవి. చూపు మసకబారినప్పుడు ఆగేది, రెప్పలు గట్టిగా మూసి తెరిచేది, ఆ వేఫర్‌ని మొదటి వరస నుంచి మళ్ళీ చూసేది. పనిలో మాత్రం తేడా రానివ్వలేదు.

గదిలో సెక్షన్ హెడ్, ఆయన పక్కన గ్రాఫులబ్బాయి ఉన్నారు. గ్రాఫులబ్బాయి చిన్న ఇంజనీరు. వంద చిప్పులు చేస్తే ఎన్ని పని చేస్తున్నాయి, మిగతావి ఎందుకు చచ్చిపోతున్నాయి అని లెక్కలు చూడటం అతని పని. దాన్ని దిగుబడి అంటారు. ఈ నెల పంట ఎలా ఉందని షిఫ్టు వాళ్ళు అతన్ని ఆటపట్టిస్తుంటారు. ఇవాళ అతని మొహం చూస్తే పంటంతా వరదలో పోయినట్టుంది.

సెక్షన్ హెడ్ కుర్చీ లాగి ఆమెని కూర్చోమన్నాడు. చెల్లెలి విషయం విన్నానని, చాలా బాధాకరమని అన్నాడు. ఆ మాట అంటున్నంతసేపూ చూపు గోడ మీది గ్రాఫు మీదే ఉంది. గీత తొంభై ఒకటి దగ్గర తిన్నగా నడిచి నడిచి ఒక సోమవారం జారిపడి, డెబ్భై ఎనిమిది దగ్గర పాకుతోంది. వేఫర్ ఆమె బల్ల దాటాక చిప్పయి పరీక్షకి చేరేసరికి అయిదు వారాలు పడుతుంది కాబట్టి, అప్పుడెప్పుడో జరిగిన నష్టం ఇప్పుడు బయటపడింది. చచ్చిపోయిన చిప్పులన్నిటిలోనూ జబ్బు ఒకటే. కరెంటు కారిపోతోంది. కారణం ఉప్పు. కంటికి కనబడనంత ఉప్పు పొర వేఫర్ మీద ఉండి కొలిమిలోకి వెళితే చాలు, ఇక అది ఎందుకూ పనికిరాదు.

ఆ సోమవారం ఏదో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. పదకొండు రోజుల సెలవు తర్వాత ఆమె తిరిగి బల్ల ముందు కూర్చున్న రోజు అది.

"లోపల ఏడుస్తున్నారట. నిజమేనా?" అని అడిగాడు సెక్షన్ హెడ్.

"నిజమే," అంది.

"రోజూనా?"

"రోజూ."

ఆయన గ్రాఫులబ్బాయి వైపు తిరిగి, కన్నీళ్ళలో ఉండేది ఏమిటో వేరే చెప్పాలా అన్నట్టు చేతులు చాపాడు. కుర్రాడు ఏదో అనబోయి నీళ్ళు నమిలాడు. విషయం తేలేదాకా ఆమె బల్ల దగ్గరికి వెళ్ళకూడదని, ఈ వారం బయట అట్టపెట్టెలకి చీటీలు అంటించే పని చూడమని, వచ్చే సోమవారం నుంచి ప్యాకింగులోకి మారుస్తామని సెక్షన్ హెడ్ చాలా మర్యాదగా చెప్పాడు. ప్యాకింగులో ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. రాత్రి షిఫ్టు అన్న మాట వినగానే ఆమెకి పిల్ల గుర్తొచ్చింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. పిల్ల తండ్రి ఏ ఊళ్ళో ఉన్నాడో కూడా తెలియదు. రాత్రి షిఫ్టు పడితే పిల్లని హాస్టల్లో వెయ్యడం తప్ప దారి లేదు. ఆ సంగతి చెబితే సెక్షన్ హెడ్ అర్థం చేసుకున్నట్టే తలాడించి, హాస్టళ్ళు ఇప్పుడు చాలా బాగుంటున్నాయన్నాడు.

బయటికి వచ్చి చీటీల బల్ల ముందు కూర్చుంది. చీటీ వెనక కాగితం ఊడదీయడం, అంటించడం, బొటనవేలితో నొక్కడం. చేతులు ఆ పని చేస్తుంటే మనసు ఒకటే మాట పట్టుకుని తిరిగింది. నిజంగా నేనే చేశానా? ఇరవై రెండేళ్ళు ఊపిరి కూడా పక్కకి తిప్పి వదిలిన దాన్ని, వేల చిప్పుల్ని ఏడ్చి చంపానా? రాత్రి షిఫ్టు భయం ఒక పక్క, ఈ సిగ్గు ఇంకో పక్క. రెండిట్లో ఏది పెద్దదో ఆమెకే తెలియలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి పిల్ల నేల మీద బోర్లా పడుకుని లెక్కలు చేసుకుంటోంది. పక్కవాటా ఆవిడ తాళం తీసిపెట్టి వెళ్ళింది. పిల్ల ఈమధ్య చాలా బుద్ధిమంతురాలైపోయింది. తిన్న పళ్ళెం తనే కడుగుతుంది, జడ తనే వేసుకుంటుంది, పాపిడి వంకరపోతే మళ్ళీ విప్పి వేసుకుంటుంది. ఒకప్పుడు అరిచి గోల చేసి ఇల్లు పీకి పందిరేసిన పిల్ల ఇలా అయిపోయిందేమిటా అని ఆమెకి అనిపించేది. తనలాగే గట్టిపిల్ల అని సరిపెట్టుకునేది. ఆ రోజు అన్నం కలిపి పెడుతూ, హాస్టల్లో ఉండే పిల్లలు నీకెవరైనా తెలుసా అని మామూలుగా అడిగినట్టు అడిగింది. పిల్ల ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆమె మొహంలోకి చూసి, తెలియదంది. ఆమె ఆ మాట అక్కడితో వదిలేసింది.

మంగళవారం మధ్యాహ్నం గ్రాఫులబ్బాయి క్యాంటీనులో ఆమె ఎదుట కూర్చున్నాడు. పళ్ళెంలో చెంచా తిప్పుతున్నాడే గానీ తినడం లేదు. చివరికి గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. అదే సోమవారం ఇంకొకటి కూడా మారింది. యాసిడ్ తొట్టి తర్వాత నీళ్ళలో కడిగే సమయాన్ని పది నిమిషాల నుంచి ఏడుకి తగ్గించారు. దానివల్ల రోజుకి నాలుగు పెట్టెలు ఎక్కువ నడుస్తున్నాయి. ఆ మార్పు సెక్షన్ హెడ్‌దే. దానికి ఆయనకి ప్రశంసాపత్రం కూడా వచ్చింది, ఆఫీసు గోడకి వేలాడుతోంది. కడిగిన వెంటనే వేఫర్ తీసి ఉప్పు కొలిస్తే అరగంటలో నిజం తెలుస్తుంది. కానీ నడుస్తున్న తొట్టిలోంచి వేఫర్ తియ్యాలంటే సెక్షన్ హెడ్ సంతకం కావాలి. ముందు ఆవిడ సంగతి తేల్చు, తర్వాత నా సంగతి చూద్దువుగాని, అన్నాడట ఆయన.

ఆమె చెయ్యి కడుక్కోవడానికి లేవబోయి మళ్ళీ కూర్చుంది.

"తేల్చడమంటే ఏం చేస్తావు?"

కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. కొత్త వేఫర్లు రెండు తీసుకుంటానని చెప్పాడు. ఒకటి ఆమె బల్ల మీద, ఒకటి ఎవరూ లేని బల్ల మీద. ఆమె ఎప్పటిలాగే గౌను, మాస్కు వేసుకుని గంటసేపు కూర్చోవాలి. తర్వాత రెండిటి మీదా ఉప్పు కొలుస్తారు. లోపల గాలి కప్పులోంచి నేలకి దిగి జల్లెడ పలకల్లోంచి పోతుంది, మాస్కు దాటి చుక్క పడటానికి వీల్లేదు, తన లెక్క ప్రకారం ఆమె వేఫర్ శుభ్రంగా ఉండితీరాలి. ఇదంతా గబగబా చెప్పి, అసలు మాట దగ్గర ఆగిపోయాడు.

"నువ్వు నన్ను ఏడవమంటున్నావు. అంతే కదా నాయనా."

"అక్కా, నాకు చచ్చేంత సిగ్గుగా ఉంది," అన్నాడు కుర్రాడు. "మీరు ఊరికే కూర్చుంటే లెక్కలోకి రాదంటారాయన. చూడటానికి తనూ వస్తానన్నాడు."

ఆమె అతని పళ్ళెం వైపు చూసి, ముందు ఆ అన్నం తిను, చల్లారిపోతోంది, అంది. కాసేపటికి, రేపు ఎన్నింటికి అని అడిగింది.

బుధవారం పది గంటలకి గౌన్ల గదిలో ముసలాయన మాస్కు ఇస్తూ చెయ్యి వెనక్కి తీసుకోలేక నిలబడిపోయాడు. ఆమే ఆయన వేళ్ళు విడదీసి మాస్కు తీసుకుంది. లోపల పసుప్పచ్చ దీపాల వెలుగు, గాలి చప్పుడు, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. రెండు రోజుల్లో ఎవరూ ఆమె కుర్చీ ఎత్తు మార్చలేదు. కూర్చోగానే మోకాళ్ళు వాటి చోటుకి అవి వెళ్ళాయి. గ్రాఫులబ్బాయి ఒక వేఫర్ ఆమె ముందు, ఒకటి దూరంగా ఖాళీ బల్ల మీద పెట్టి, గడియారం చూసి రాసుకున్నాడు. నడవ వైపున్న పెద్ద అద్దం వెనక సెక్షన్ హెడ్, ఆఫీసు వాళ్ళు ముగ్గురు, తనిఖీ విభాగం నుంచి ఒకావిడ నిలబడ్డారు. దారిన పోయేవాళ్ళు కూడా విషయమేమిటా అని ఆగుతున్నారు.

ఏడుపు రాలేదు.

పది నిమిషాలైంది. ఆరు వారాలు ఆపుకున్నా ఆగని కళ్ళు, ఇప్పుడు తోమి ఆరబెట్టిన గిన్నెల్లా పొడిగా ఉన్నాయి. చెల్లెలి మొహం తలుచుకుంది. మొహం వచ్చింది, నీళ్ళు రాలేదు. ఆసుపత్రి మంచం తలుచుకుంది. తీసుకువెళ్ళిన రోజు తలుచుకుంది. అద్దం వెనక ఒకాయన చేతి గడియారం చూసుకోవడం కళ్ళ చివరి నుంచి కనబడింది. ఇంకొకాయన ఏదో చెవిలో చెబితే పక్కాయన నవ్వాపుకున్నాడు. చెల్లెలుంటే దీన్ని ఎలా చెప్పుకుని నవ్వేదో అనిపించింది. మా అక్కని ఏడవమని ఫ్యాక్టరీవాళ్ళు మీటింగు పెట్టారని వీధంతా చాటింపు వేసేది. ఆ ఆలోచనకి ఏడుపు బదులు నవ్వొచ్చింది. భయం కూడా వేసింది. ఇలాగే గంట గడిచిపోతే పరీక్ష చెల్లదు. పరీక్ష చెల్లకపోతే సోమవారం రాత్రి షిఫ్టు, పిల్లకి హాస్టలు.

నలభై నిమిషాలైంది. గ్రాఫులబ్బాయి దగ్గరికి వచ్చి, పోనీ ఇంకో రోజు చూద్దామా అన్నాడు. ఆమె చెయ్యి ఊపి దూరంగా నిలబడమంది.

ఆమె దగ్గర ఒక మాట ఉంది. చెల్లెలు పోయిన నాటి నుంచీ దాన్ని తలుచుకోలేదు. దగ్గరికి వస్తే పక్కకి తప్పుకునేది. ఆరు వారాలు ఏడ్చిందీ దాని చుట్టూనే గానీ దాన్ని ముట్టుకుని కాదు. చివరి వారం ఒక పొద్దున ఆమె బస్సుకి ఆలస్యమై హడావిడిగా సంచీ సర్దుకుంటుంటే, మంచం మీంచి చెల్లెలు పిలిచింది. వాచిపోయిన చేతులు దుప్పటి మీద పెట్టి, "అక్కా, కాస్త నా గోళ్ళు తియ్యవే. పిల్లని దగ్గరికి తీసుకుంటే గీసుకుంటున్నాయి," అంది. రేపు తీస్తాలే, బస్సు పోతుంది, అని ఆమె వెళ్ళిపోయింది. మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. గోళ్ళు అలాగే ఉన్నాయి. అక్కడున్న రెండు రోజులూ పిల్ల దగ్గరికి వస్తే చెల్లెలు చేతులు వెనక్కి పెట్టుకుని మాట్లాడింది.

ఆమె ఆ మాటని తీసి ముందు పెట్టుకుంది. ఇలాంటి పనికి దాన్ని వాడుకుంటున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా వాడుకుంది. కాస్త నా గోళ్ళు తియ్యవే. కళ్ళ వెనక ఏదో తెగింది. మాస్కు ముక్కు దగ్గర వెచ్చగా తడిసింది, గడ్డం కింద దాకా దిగింది, ఊపిరి తీస్తే గుడ్డ నోటికి అంటుకుంది. అద్దం వెనకవాళ్ళు ఎటు చూడాలో తెలియక ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వెళ్ళిపోయారు. తనిఖీ విభాగం ఆవిడ మాత్రం వెళ్ళకుండా తల దించుకుని ఉండిపోయింది. డేగక్క చేతులు అలవాటుగా కడ్డీ అందుకుని వేఫర్‌ని లెన్సు కింద పెట్టాయి, వరసలు చూడటం మొదలుపెట్టాయి. గంట దాటినా గ్రాఫులబ్బాయి ఆపమనలేదు. అతను వెనక్కి తిరిగి ఖాళీ బల్ల వైపు చూస్తూ నిలబడ్డాడు.

గురువారం చీటీలు అంటిస్తుండగా ఒక విషయం ఆమెకి తట్టింది. పొద్దుటి నుంచి రెండుసార్లు ఆ మాట మనసులోకి వచ్చింది. వచ్చినప్పుడు మునుపటిలా గుచ్చుకోలేదు. ఎవరిదో సంగతి విన్నట్టుగా ఉంది. అందుకు ఊపిరి పీల్చుకోవాలో బాధపడాలో తెలియక, చీటీ మడత పడితే ఊడదీసి మళ్ళీ అంటించింది.

శుక్రవారం మధ్యాహ్నం గ్రాఫులబ్బాయి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు. రెండు వేఫర్లూ ఒకేలా ఉన్నాయి, కడిగిన ముత్యాల్లా శుభ్రంగా ఉన్నాయి. ఆమె ఏడుపు వేఫర్ దాకా చేరనే లేదు. ఆ కాగితం చూపించి సెక్షన్ హెడ్ చేత సంతకం పెట్టించుకుని, తొట్టిలోంచి తీసిన వేఫర్ కొలిస్తే ఉప్పు అక్కడే ఉంది, ఆమె బల్ల దాకా రాకముందే ఉంది. యాసిడ్ తొట్టిలో అంటిన ఉప్పు ఏడు నిమిషాలకి పోవడం లేదు. పదికి పోతోంది. అంతే సంగతి.

మళ్ళీ అదే గది, అదే కుర్చీ. సెక్షన్ హెడ్ నివేదికని కళ్ళద్దాల మీంచి చదివాడు. కడిగే దశలో కొత్త మెరుగుదల ప్రవేశపెడుతున్నామని, సమయాన్ని పది నిమిషాలకి పెంచడం వల్ల దిగుబడి గణనీయంగా పెరుగుతుందని అందులో ఉంది. ఏడు అన్న అంకె ఎక్కడా లేదు. ఆమె సంగతి చివరి పేజీలో ఒక్క ముక్కలో ఉంది. ఉద్యోగి కన్నీరు: కారణం కాదని తేలింది. ఆ పెరుగుదలకి ఆయనకి ఇంకో ప్రశంసాపత్రం వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. సోమవారం నుంచి ఆమె తన బల్లకే రావచ్చని, ఎవరి మీదా ఎవరికీ మనసులో ఏమీ ఉండకూడదని ఆయన అన్నాడు. గ్రాఫులబ్బాయి ఏదో అనబోతే ఆమె కళ్ళతోనే వద్దంది. వాడి ఉద్యోగం వాడికి ఉండనీ అనుకుంది. తన బల్ల తనకి వచ్చింది, పిల్ల ఇంట్లో ఉంటుంది, వేఫర్లని చంపింది తను కాదు. ఇంతకన్నా ఏం కావాలి? వెళ్ళేటప్పుడు గౌన్ల గది ముసలాయన, సోమవారం రెండు మాస్కులు తీసిపెట్టనా అని మెల్లిగా అడిగాడు. ఒకటి చాలు బాబాయ్, అంది.

ఇంటికి వచ్చేసరికి పిల్ల పెన్సిలు చెక్కుకుంటోంది. చాలా రోజుల తర్వాత ఆమె గట్టిగా, సంతోషంగా మాట్లాడింది. నా బల్ల నాకు ఇచ్చేశారే, నిన్ను ఎక్కడికీ పంపక్కర్లేదు, అని చెబుతూ అన్నం వడ్డించింది. పిల్ల సరే అంది. కంచం ముందుకు రాలేదు. పెన్సిలు చెక్కు నేల మీంచి ఒక్కొక్కటే ఏరి అరచేతిలో పెట్టుకుంటూ ఉంది.

"పెద్దమ్మా, అమ్మంటే నీకు ఇష్టం లేదా?"

గరిటె ఆమె చేతిలోనే ఉండిపోయింది. "అదేం మాటే? ఎందుకలా అడుగుతున్నావు?"

"నువ్వు ఒక్కసారి కూడా ఏడవలేదు," అంది పిల్ల. కోపంగా అనలేదు. ఎన్నో రోజులుగా లెక్క చూసి, సరిచూసుకుని చెప్పినట్టు అంది.

ఆమెకి ముందు నవ్వొచ్చినంత పనైంది. వారం రోజులుగా ఏడ్చావని నిలబెట్టి అడిగారు, ఇప్పుడు ఇది ఏడవలేదని అడుగుతోంది. గరిటె గిన్నెలో పెట్టి వచ్చి పిల్ల ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఏడ్చానమ్మా. రోజూ ఏడ్చాను. నీ ముందు ఏడిస్తే నువ్వు భయపడతావని పనిలో ఏడ్చాను."

"ఎవరైనా చూశారా?"

"చూశారు. మొన్న బుధవారం అద్దంలోంచి అందరూ చూశారు."

పిల్ల చెక్కు ఏరడం ఆపింది.

"నేను చూడలేదు," అంది.

పిల్ల అరచేతిలోని చెక్కు పొట్టు వైపు చూస్తూ, తను స్కూల్లో బాత్రూములో ఏడుస్తానని, ఇంట్లో ఏడిస్తే నీకు కోపమేమో అనుకున్నానని చెప్పింది. రోజూనా అని అడిగితే, రోజూ కాదు, లెక్కల పీరియడ్ ముందు అంది. ఆమె గట్టిపిల్ల అనుకుంది ఇన్నాళ్ళూ. దాన్ని గట్టిపరిచింది తనే.

ఇప్పుడు ఏడవాలి. దాచుకోనక్కర్లేదు, మాస్కు అక్కర్లేదు, దీని కళ్ళముందే ఏడవాలి. చెల్లెల్ని తలుచుకుంది. బుధవారం అంత ఏడిపించిన ఆ మాటే మళ్ళీ తెచ్చుకుంది. వచ్చింది, మామూలు మాటలా వచ్చి పక్కన కూర్చుంది. లోపలంతా నొప్పిగానే ఉంది గానీ కళ్ళు పొడిగా మండుతున్నాయి. పరాయివాళ్ళ ముందు, గడియారం పెట్టుకుని, ఉన్నదంతా ఖర్చు చేసి వచ్చింది. అడగాల్సిన మనిషి అడిగేసరికి చేతిలో ఏమీ లేదు. పిల్ల ఆమె మొహంలోకే చూస్తోంది, రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

"రావడం లేదే తల్లీ," అంది ఆమె.

పిల్ల చెక్కు పొట్టు కాగితంలో పోసి పక్కన పెట్టింది. పుస్తకం మూసింది. జరిగి జరిగి వచ్చి, మోకాళ్ళు మోకాళ్ళకి తగిలేలా ఎదురుగా సర్దుకుని కూర్చుంది.

"పర్వాలేదు పెద్దమ్మా. వచ్చేదాకా కూర్చుంటాను," అంది.

వడ్డించిన అన్నం చల్లారిపోతోంది. ఇద్దరూ లేవలేదు.